బడి గేటు దగ్గర పది నిమిషాలు

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

జూన్ 12న పాప ఒకటో తరగతిలో చేరుతోందనీ, అదే వారం నువ్వు మళ్ళీ ఉద్యోగంలోకి వెళ్తున్నావనీ మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. రెండూ ఒకేసారి ఎలా నెగ్గుకొస్తావో అని ఆవిడ బెంగ. నెగ్గుకురావచ్చు. బడి ఎంచుకోవడానికి, ఫీజు మాట్లాడటానికి మీ ఇద్దరూ నెలల తరబడి తిరిగారు, బాగానే ఉంది. బడి గేటు సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఉద్యోగం చేసే తల్లికి అవసరానికి ఆదుకునేది ఆ గేటు బయట పరిచయమైన నలుగురే. పుట్టిల్లు తెనాలిలో, అత్తిల్లు ఖమ్మంలో ఉండి, మీరు హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటే మధ్యాహ్నం మూడున్నరకి పరుగెత్తుకొచ్చేది ఎవరు చెప్పు? ఆ మనుషుల్ని అవసరం రాకముందే సంపాదించుకోవాలి.

మొదటి రెండు వారాలు సాయంత్రం పాప కోసం నువ్వో అల్లుడుగారో స్వయంగా వెళ్ళండి. కొత్తగా చేరేటప్పుడే ఆఫీసులో చెప్పి ఆ గంట అడిగి పెట్టుకో, రాత్రి కూర్చుని పూడ్చుకోవచ్చు. గంట కొట్టడానికి పది నిమిషాల ముందు చేరుకుని, రోజూ ఒకే చోట నిలబడు. బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునేవాళ్ళని ఎవరూ పలకరించరు. "మీ బాబు ఏ సెక్షన్ అండీ?" అని నువ్వే ముందు అడుగు. ఆ ఒక్క ప్రశ్న చాలు, మిగతా మాటలు వాటంతటవే వస్తాయి.

నీకు ముఖ్యంగా ముగ్గురు కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లోనో పక్క వీధిలోనో ఉండి అదే బడికి పంపేవాళ్ళు ఒకరు. పగలు ఇంటిపట్టున ఉండేవాళ్ళు ఒకరు. నీ పనివేళలకి ఎదురు వేళల్లో పనిచేసేవాళ్ళు ఒకరు. ఈ మూడో మనిషి సంగతి చాలామందికి తట్టదు. తెల్లవారే షిఫ్టుకు వెళ్ళి రెండున్నరకల్లా ఇల్లు చేరే నర్సు ఉందనుకో. పొద్దున ఆవిడ పిల్లాణ్ణి కూడా నువ్వు దింపితే, సాయంత్రం నీ పాపని ఆవిడ తీసుకొస్తుంది. ఇద్దరి కష్టమూ తీరుతుంది, ఎవరి నెత్తినా భారం ఉండదు. మూడింటికే వచ్చి చెట్టునీడన నిలబడే అమ్మమ్మల్ని, తాతయ్యల్ని కూడా రోజూ పలకరించు. ఏ ఆటోలో పిల్లల్ని కుక్కుతారో, వాన పడితే ఏ గేటు తెరుస్తారో, ఏ ఆయమ్మ ఓపికగా చూస్తుందో వాళ్ళని అడిగితే తెలుస్తుంది.

ఒక్క మాట మాత్రం నోట రానివ్వకు: "మీరు ఇంట్లోనే ఉంటారుగా" అని. ఇంట్లో ఉన్నావిడకీ పనులుంటాయి, మధ్యాహ్నం కాస్త నడుం వాల్చాలనీ ఉంటుంది. ఈ ఏర్పాట్లు చెడేది ఎక్కువగా ఇక్కడే. మొదట నెలకి ఒకసారి, తర్వాత వారానికి ఒకసారి, ఆపైన అడగకుండానే. ఆవిడ పైకి ఏమీ అనదు, ఒకరోజు ఫోన్ ఎత్తడం మానేస్తుంది. అందుకని లెక్క ముందే అనుకోండి. ఆవిడ రెండు సాయంత్రాలు చూస్తే, నువ్వు శనివారం పూట ఇద్దరు పిల్లల్నీ మీ ఇంట్లో పెట్టుకుని ఆవిడకి ఊపిరి తీసుకునే వీలివ్వు. డబ్బు ఇస్తాననకు, చిన్నబుచ్చుకుంటుంది. పాపతో పాటు ఓ సంచి పంపు: ఒక జత బట్టలు, చిరుతిండి, పడని తిండి ఏదైనా ఉంటే రాసిన చీటీ, మీ ఇద్దరి నంబర్లు, పిల్లల డాక్టరు నంబరు. వస్తానన్న టైము కన్నా పావుగంట ఆలస్యమైతే బయల్దేరేటప్పుడే చెప్పు, దారి మధ్యలో కాదు. పాపని చూసేది ఆయమ్మ అయితే ఆమెకి డబ్బే ఇవ్వాలి, అదీ ప్రతినెలా ఒకే తారీఖున.

ఇక, పాపని ఎవరెవరు తీసుకెళ్ళొచ్చో బడికి రాసి ఇవ్వండి. ముగ్గురి పేర్లు, ఫోన్ నంబర్లు, ఫొటోలు, మీ ఇద్దరి సంతకాలు. దాని నకలు ఒకటి నీ ఫోన్‌లో ఉంచుకో. దాంతోపాటు పాపకి ఒక గుర్తు మాట నేర్పు. పుట్టినరోజు, ముద్దుపేరు పెట్టొద్దు, అవి అందరికీ తెలిసేవే. ఇంట్లోవాళ్ళకే తట్టే మాట కావాలి, "పాలతాలికలు" లాంటిది. ఎవరొచ్చి "అమ్మ పంపింది" అన్నా, పాప "మాటేంటి?" అని అడగాలి. చెప్పలేకపోతే గేటు లోపలికి వెళ్ళి వాచ్‌మన్ దగ్గర నిలబడాలి. నోటితో చెప్పి వదిలేస్తే ఆ వయసు పిల్లలకి గుర్తుండదు. అల్లుడుగార్ని గుమ్మం బయట నిలబెట్టి నాలుగైదుసార్లు ఆటలాగా ఆడించు. ఆ మాట ఒకసారి బయటివాళ్ళతో వాడాక, ఆ రాత్రే మార్చేయి.

పొద్దున అల్లుడుగారు స్కూటర్ మీద దింపుతారన్నావు. నాలుగేళ్ళు దాటిన పిల్లలకి హెల్మెట్ చట్టప్రకారం తప్పనిసరి. టేపు పెట్టి కనుబొమల పైనుంచి తల చుట్టూ కొలిచి, ఐఎస్ఐ గుర్తున్నది కొనండి. ఆరేళ్ళవాళ్ళకి మామూలుగా 50 నుంచి 52 సెంటీమీటర్లు వస్తుంది. "పెరుగుతుందిగా" అని పెద్ద సైజు కొంటే, బ్రేకు వేసినప్పుడు ముందుకు జారి కళ్ళు కప్పేస్తుంది. పాపని ముందు నిలబెట్టొద్దు, వెనక కూర్చోబెట్టాలి. కాళ్ళు ఫుట్‌రెస్టుకి అందుతున్నాయో లేదో చూడండి. అందకపోతే మడమ చక్రంలోకి పోవచ్చు. నువ్వు బండి మీద వెళ్ళే రోజు చున్నీ నడుముకి ముడేసుకుని బయల్దేరు.

పొద్దుటి హడావిడి ముప్పాతిక వంతు వెతుకులాటే. సాక్సు ఒకటి దొరకదు, బెల్టు కనపడదు, డైరీలో సంతకం ఉండదు. గుమ్మం పక్కన ఒక ప్లాస్టిక్ టబ్బు పెట్టు. బూట్లు, సాక్సులు, బెల్టు, ఐడీ కార్డు, సంతకం పెట్టిన డైరీ రాత్రి ఎనిమిదిన్నరకల్లా అందులో పడాలి. టైము గేటు నుంచి వెనక్కి లెక్కేసుకో. గేటు ఎనిమిదిన్నరకి మూస్తారు, దారి ఇరవై నిమిషాలు, వాన పడితే ముప్పై. ఇంకో పది నిమిషాలు చేతిలో ఉంచుకుంటే ఏడూ యాభైకి గుమ్మం దాటాలి, ఏడుంబావుకి టిఫిన్, ఆరున్నరకి లేపాలి. ఈ వయసువాళ్ళకి తొమ్మిది గంటలకి తక్కువ కాకుండా నిద్ర కావాలి కాబట్టి రాత్రి తొమ్మిదికి దీపం ఆర్పాలి. పొద్దున మారాం చేసే పిల్లల్లో చాలామందికి చాలనిది నిద్రే.

డబ్బా విషయం కాస్త వివరంగా చెప్తాను, పిల్లలు అన్నం వెనక్కి తెచ్చేది మన చేతి పొరపాట్ల వల్లే. వేడి వేడి అన్నం స్టీలు డబ్బాలో పెట్టి మూత బిగిస్తే లోపల చెమట పట్టి, మధ్యాహ్నానికి ముద్దయి వాసన వస్తుంది. పళ్ళెంలో పరిచి పది నిమిషాలు ఆరనివ్వు. పెరుగన్నం పొద్దున పెరుగుతో కలిపితే పన్నెండున్నరకి పులిసిపోతుంది. అన్నం మెత్తగా మెదిపి, గోరువెచ్చని పాలు పోసి, ఒక చెంచా పెరుగు మాత్రం కలుపు. డబ్బాలోనే తోడుకుని, తినే వేళకి కమ్మగా ఉంటుంది. నిమ్మకాయ పులిహోరకి పోపు దించి చల్లారాక రసం పిండు, పొయ్యి మీద పిండితే చేదెక్కుతుంది. ఆదివారం ఒక గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల ఇడ్లీ రవ్వ లెక్కన పిండి రుబ్బి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే బుధవారం దాకా నిశ్చింత. గురువారానికి మిగిలింది పుల్లగా ఉంటుంది, ఉల్లిపాయ వేసి ఊతప్పం పోసెయ్యి.

పాపకి జ్వరం వచ్చే రోజు ఎలాగూ వస్తుంది. మొదటి ఏడాది బడిలో ప్రతి జలుబూ ఇంటికి మోసుకొస్తారు. ఎవరు ఆగాలి అన్నది ఆ పొద్దున తేల్చుకోవాలంటే గొడవే. ఇప్పుడే అనుకోండి: మొదటి రోజు ఒకరు, రెండో రోజు ఇంకొకరు, ఎవరికి తప్పించుకోలేని మీటింగ్ ఉంటే వాళ్ళు ముందురోజు రాత్రే చెప్పాలి. 100.4 డిగ్రీలు దాటితే బడికి పంపొద్దు. మందు వేయకుండానే 24 గంటలు జ్వరం లేకుండా గడిచాకే పంపు. పొద్దున మందు వేసి దింపితే, పదకొండింటికి మందు బలం తగ్గి బడి నుంచి ఫోన్ వస్తుంది. ఆఫీసు మధ్యలో పరుగు, పాపకి నీరసం, పక్క పిల్లలకి అంటు.

ఆ రోజు మేనేజరుకి పెట్టే మెసేజ్‌లో కథంతా రాయకు. "పాపకి జ్వరం, ఈరోజు సెలవు. పన్నెండు గంటల రిపోర్టు ఫలానావారికి పంపాను, ఫైలు ఫోల్డర్‌లో ఉంది. సాయంత్రం ఐదు నుంచి ఆరు దాకా ఫోన్‌లో అందుతాను" అంతే. ఏమైంది, పని ఎవరి చేతిలో ఉంది, మళ్ళీ ఎప్పుడు దొరుకుతావు, ఈ మూడూ ఉంటే ఎవరూ తిరిగి ప్రశ్న వేయరు. పదే పదే క్షమాపణ చెప్తే మాత్రం నువ్వేదో తప్పు చేసినట్టు అవతలివాళ్ళకీ అనిపిస్తుంది. సెలవు నీ హక్కు, నీ జీతంలో భాగం.

అమెరికా వాళ్ళతో సాయంత్రం కాల్స్ ఉంటాయన్నావు కదా, ఒకటి గుర్తుంచుకో. న్యూయార్క్‌లో పొద్దున పది అంటే వేసవిలో మనకి రాత్రి ఏడున్నర. నవంబరు మొదటి ఆదివారం వాళ్ళు గడియారం మార్చాక అదే కాల్ ఎనిమిదిన్నరకి వస్తుంది, మార్చి రెండో ఆదివారం దాకా అంతే. అంటే నాలుగు నెలలు సరిగ్గా పాపని పడుకోబెట్టే వేళకి. అక్టోబరులోనే మేనేజరుతో మాట్లాడి వారానికి మూడు రోజులైనా ఆ కాల్ ముందుకి జరిపించుకో. కుదరని రోజుల్లో పడుకోబెట్టే పని అల్లుడుగారిది, కథ చెప్పడంతో సహా.

ఆఫీసులో 50 మంది, అంతకు మించి ఉంటే క్రెష్, అంటే ఉద్యోగుల పిల్లల్ని చూసుకునే చోటు, ఉండాలని చట్టం ఉంది. కానీ అక్కడ సాధారణంగా ఆరేళ్ళ దాకానే తీసుకుంటారు, నీ పాప ఆ అంచున ఉంది. దాన్ని నమ్ముకోకుండా ముందే అడిగి తెలుసుకో.

అన్నిటికంటే గట్టి దెబ్బ ఒంటిపూట బడులు. మార్చి 15 నుంచి ఏప్రిల్ 23 దాకా పొద్దున ఎనిమిదికి మొదలై పన్నెండున్నరకి వదిలేస్తారు, తేదీలు ఏటా కాస్త అటూఇటూ. ఐదు వారాలకు పైగా మండుటెండలో మధ్యాహ్నాలు! ఆ తర్వాత ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా 49 రోజుల ఎండాకాలం సెలవులు. దసరాకి రెండు వారాల దాకా, సంక్రాంతికి కొన్నాళ్ళు, బోనాలు, వానలు ముంచెత్తితే కలెక్టరు రాత్రికి రాత్రి ప్రకటించే సెలవు. మార్చిలో కళ్ళు తెరిస్తే డేకేర్‌లో చోటు దొరకదు, జనవరిలోనే అడిగి పేరు రాయించు. ఫ్రిజ్ మీద ఒక పెద్ద క్యాలెండర్ అంటించి బడి సెలవులు ఎర్ర సిరాతో, నీ సెలవులు, అల్లుడుగారి సెలవులు చెరో రంగుతో గుర్తుపెట్టండి. ఎర్రగా ఉండి పక్కన ఏ రంగూ లేని రోజులే మీరు పూడ్చుకోవాల్సినవి. తెనాలి నుంచి మీ అమ్మ రావాల్సింది ఆ రోజులకే. టిక్కెట్లు ముందే తీయించు, తోచినప్పుడల్లా రమ్మని ఆవిణ్ణి అలసిపోయేలా చేయకు.

టీచరుతో పొద్దున గేటు దగ్గర మాట్లాడాలని చూడకు. నలభై మంది పిల్లలు మీద పడుతుంటే ఆవిడకి ఏదీ చెవికెక్కదు. డైరీలో రెండు వాక్యాలు రాసి, బడి వదిలాక పది నిమిషాలు అడుగు. ఒక్క విషయమే తీసుకెళ్ళు. పాపని ఎవరైనా కొట్టారంటే ఆ పిల్లాణ్ణి గానీ వాళ్ళమ్మని గానీ గేటు దగ్గర నిలదీయకు, ముందు టీచరు ఏం చూశారో విను. వాట్సాప్ గ్రూపులో మార్కులు, టీచర్ల మీద ఫిర్యాదులు, వేరేవాళ్ళ పిల్లల ఫొటోలు పెట్టకు. ఒకటి, రెండు తరగతులకి హోంవర్క్ ఉండకూడదని, సంచి బరువు కిలోన్నర దాటకూడదని ప్రభుత్వ నిబంధన ఉంది. వారానికోసారి సంచి తూకం వెయ్యి. ఎక్కువ వస్తే అడుగున పాత నోట్‌బుక్కులు, రాళ్ళు, సగం తాగిన బాటిల్ కనిపిస్తాయి. అవి తీసేశాకా బరువుంటే అప్పుడు బడిని అడుగు.

జూన్ 10, 11 తేదీల్లో అసలు రోజు లాగానే లేచి, తయారై, గేటు దాకా వెళ్ళి రండి. ఎక్కడ ఆలస్యమవుతోందో ఆ రెండు రోజుల్లోనే తెలిసిపోతుంది. మధ్యాహ్నం పాపని కింద కూర్చోబెట్టి కొత్త డబ్బా, నీళ్ళ బాటిల్ చేతికివ్వు. మూత తనంతట తనే తీయగలుగుతోందా చూడు. కొత్త స్టీలు డబ్బాల క్లిప్పులు బిగుతుగా ఉంటాయి, చిన్న వేళ్ళకి లొంగవు. ఆయమ్మ తన దాకా వచ్చేసరికి భోజనాల గంట అయిపోతుంది. రాకపోతే డబ్బా మార్చు, చూడటానికి పాతదైనా సరే, తను తీయగలిగేదే పెట్టు.

ఇట్లు,
మీ పెద్దమ్మ