ఇంట్లో కాన్పు అనుకుంటే హాస్పిటల్ డబ్బు కూడా పక్కన ఉండాలి

ఒక పాఠకురాలు ఇలా రాశారు: "నాకిప్పుడు ఐదో నెల, మొదటి కాన్పు. ఇప్పటిదాకా అంతా నార్మల్‌గానే ఉందని డాక్టర్ చెప్పారు. ఇంట్లోనే కాన్పవ్వాలని నా కోరిక, మావారు కూడా సరే అన్నారు. ఇద్దరు మిడ్‌వైఫ్‌లతో మాట్లాడాం. మొదటావిడ ఫీజు రెండో ఆవిడ దాంట్లో సగమే, కానీ ఒక్కరే వస్తారట, డబ్బంతా ముందే కట్టేయాలట. రెండో ఆవిడ ఇంకో మిడ్‌వైఫ్‌ని వెంటబెట్టుకొస్తారు, కాన్పయ్యాక ఆరు వారాల దాకా వచ్చి చూస్తారు. ఎలాగూ హాస్పిటల్ ఖర్చు మిగుల్తుంది కదా, తక్కువ ఫీజు ఆవిడని పెట్టుకుని మిగిలిన డబ్బంతా పుట్టబోయే బిడ్డ పేరు మీద ఫండ్‌లో వేద్దాం అంటున్నారు మావారు. మీరేమంటారు?"

ముందు సూటిగా ఒక మాట చెప్పేస్తానమ్మా, మీ లెక్క తప్పింది హాస్పిటల్ ఖర్చు మిగుల్తుంది అనుకున్న దగ్గరే. మొదటి కాన్పు ఇంట్లో ప్లాన్ చేసుకున్నప్పుడు హాస్పిటల్‌కి వెళ్ళాల్సి రావడం ఎక్కడో ఒకరికి జరిగేది కాదు, దాదాపు సగం మందికి జరిగేది. ఇంగ్లండ్‌లో 2008 నుంచి 2010 వరకు అరవై నాలుగు వేలకి పైగా కాన్పుల్ని గమనించి 2011లో ఒక పెద్ద స్టడీ బయటపెట్టారు, అందులో ఉన్నవాళ్ళంతా రిస్క్ తక్కువున్న ఆడవాళ్ళే, అయినా ఇంట్లో మొదలుపెట్టిన మొదటి కాన్పుల్లో నూటికి 45 మందిని నొప్పుల టైంలోనో కాన్పైన వెంటనేనో హాస్పిటల్‌కి షిఫ్ట్ చేయాల్సొచ్చింది. అంతకుముందు కన్నవాళ్ళలో అయితే నూటికి 12 మందే. ఇలా వెళ్ళినవాళ్ళలో చాలామందికి ప్రాణం మీదకి వచ్చి కాదు, నొప్పులు ముందుకి సాగకపోవడమే ఎక్కువగా కనిపించిన కారణం. అంటే భయపడక్కర్లేదు గానీ బిల్లు మాత్రం వస్తుంది.

అదే స్టడీలో ఇంకో అంకె కూడా ఉంది, డబ్బు మాట్లాడ్డానికి ముందు అది మీకు తెలియాలి. మొదటి కాన్పు ఇంట్లో ప్లాన్ చేసినవాళ్ళలో బిడ్డకి ఏదైనా తీవ్రమైన ఇబ్బంది రావడం వెయ్యికి 9.3, హాస్పిటల్‌లో ప్లాన్ చేసినవాళ్ళలో 5.3. రెండో కాన్పు, ఆ పై కాన్పుల్లో ఈ తేడా కనపడలేదు. తల్లికి సిజేరియన్ లాంటివి ఇంటి ప్లాన్‌లో తక్కువగా జరిగాయి, అదీ నిజమే. పైగా అక్కడ మిడ్‌వైఫ్, అంబులెన్స్, హాస్పిటల్ మూడూ ఒకే వ్యవస్థలో పని చేస్తాయి, ఇవి విడివిడిగా ఉన్నచోట ఈ అంకెల్ని యథాతథంగా నమ్ముకోకూడదు. ఇంట్లోనా హాస్పిటల్లోనా అన్నది మీరూ మీ డాక్టరూ కూర్చుని తేల్చుకోవాల్సిందే, అందులో నేను వేలు పెట్టను. ఇంట్లోనే అని తేల్చుకున్నాక డబ్బు ఎలా అమర్చుకోవాలో మాత్రం చెప్తా.

అంకెలతో చూద్దాం, ఇవి ఉదాహరణకి మాత్రమే, మీ అసలు అంకెలు వేసుకుని మళ్ళీ లెక్క చేస్కోండి. రెండో ఆవిడ ఫీజు 100 అనుకుందాం, మొదటావిడది 50, హాస్పిటల్ బిల్లు 300. నూటికి 45 అవకాశం అంటే సగటున 135 హాస్పిటల్‌కి పోతుంది, కాబట్టి రెండో ఆవిడతో మొత్తం 235, మొదటావిడతో 185. నేరుగా హాస్పిటల్‌కి వెళ్తే 300. సగటు లెక్కలో ఇంటి కాన్పు చవకే, మీవారు చెప్పింది ఆ మేరకు కరెక్టే. కానీ సగటు అనేది వేల కాన్పులకి డబ్బు కట్టే ఇన్సూరెన్స్ కంపెనీకి పనికొచ్చే లెక్క, మీ ఇంట్లో జరిగేది ఒక్క కాన్పు. మీరు కట్టేది 235 ఎప్పటికీ కాదు, అయితే 100 అవుద్ది లేకపోతే 400 అవుద్ది. మీ చేతిలో ఉండాల్సింది ఆ 400. ఆ 300 కూడా మామూలు కాన్పు బిల్లు వేసుకుంటే సరిపోదు, సిజేరియన్ బిల్లు కనుక్కుని అది వేసుకోండి, అంబులెన్స్ కలపండి, బిడ్డని కొన్ని రోజులు నవజాత శిశువుల ఐసీయూలో ఉంచాల్సొస్తే రోజుకెంతో కూడా అడిగి పెట్టుకోండి. అడగడానికి మనసు ఒప్పదు, తెలుసు, కానీ ఐదో నెలలో ప్రశాంతంగా అడగడం వేరు, ఆ రాత్రి కౌంటర్ ముందు నిలబడి అడగడం వేరు.

దీని గురించి ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, కాన్పుల్లో తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశోధించిన థాడియస్, మెయిన్ అనే ఇద్దరు 1994లో మూడు ఆలస్యాల గురించి రాశారు, వెళ్దామని నిర్ణయం తీసుకోవడంలో ఆలస్యం, అక్కడికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. ఆ మొదటి ఆలస్యానికి ఉన్న కారణాల్లో ఖర్చు భయం కూడా ఒకటి. మిడ్‌వైఫ్ ఇక వెళ్దాం అన్నప్పుడు ఇంకో గంట చూద్దామా అని ఇంట్లోవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారే, ఆ గంట వెనక చాలాసార్లు డబ్బుంటుంది. హాస్పిటల్ డబ్బు ముందే విడిగా ఉంటే ఆ చూపులే ఉండవు. అందుకే ఆ డబ్బు సేవింగ్స్ అకౌంట్‌లోనో, వెంటనే విరగ్గొట్టుకోగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌లోనో ఉండాలి, మీ ఇద్దరిలో ఎవరైనా తీయగలిగేలా ఉండాలి, 36వ వారం కల్లా మొత్తం పోగవ్వాలి. క్రెడిట్ కార్డ్ లిమిట్ ఉంది కదా అనుకోవద్దు, అది అప్పు.

ఇక ఇద్దరిలో ఎవరు అంటే, మీరు రాసినంత వరకు చూస్తే నేను రెండో ఆవిడ వైపే. రెట్టింపు డబ్బు పోసి మీరు కొనుక్కుంటున్నది ఇంకో రెండు చేతులు. బిడ్డ బయటికొచ్చిన ఆ కొద్ది నిమిషాల్లో ఏం జరుగుతుందో చూడండి, పుట్టిన పిల్లల్లో నూటికి పది మంది దాకా ఊపిరి అందుకోడానికి ఎంతోకొంత సాయం కావాలి, ఆ సాయం మొదటి 60 సెకన్లలో మొదలవ్వాలని మిడ్‌వైఫ్‌లకి ట్రైనింగ్‌లో చెప్తారు. సరిగ్గా అప్పుడే తల్లికి రక్తస్రావం ఆగడానికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ పడాలి, మాయ పూర్తిగా పడిందో లేదో చూడాలి, పోయిన రక్తం అర లీటరు దాటుతోందా అని కనిపెట్టుకుని ఉండాలి. ఒకే మనిషి బిడ్డకి మాస్క్ పెట్టి గాలి ఇస్తుంటే తల్లిని ఎవరు చూస్తారు? మీ అత్తగారో మీవారో చూడలేరు కదా. ఈ ఒక్క కారణానికే ఆ తేడా డబ్బు పెట్టొచ్చు.

అలాగని ఫీజు ఎక్కువుంటే మంచావిడే అని కాదు, రెండో ఆవిడని కూడా గుచ్చి గుచ్చి అడగండి. చదువు ఎక్కడ, లైసెన్స్ ఉందా, రెన్యూ అయ్యిందా అని కాగితం చూడండి. అంతర్జాతీయ మిడ్‌వైఫ్‌ల సమాఖ్య పెట్టిన ప్రమాణం ప్రకారం నేరుగా మిడ్‌వైఫ్ కోర్సు చేస్తే కనీసం మూడేళ్ళు, నర్సింగ్ అయ్యాక చేస్తే కనీసం 18 నెలలు చదవాలి, కొన్ని వారాల ట్రైనింగ్ సర్టిఫికెట్ చూపిస్తే అక్కడితో ఆపేయండి. నవజాత శిశువుకి ఊపిరి ఇప్పించే ట్రైనింగ్ ఆఖరిసారి ఎప్పుడు తీసుకున్నారు, ఆక్సిటోసిన్, ఆక్సిజన్, బిడ్డకి పట్టే మాస్క్ వెంట తెస్తారా అని అడగండి. మొదటి కాన్పుల్లో ఎంతమందిని హాస్పిటల్‌కి పంపాల్సొచ్చింది అని కూడా అడగండి, నేనసలు ఎవర్నీ పంపలేదు అని గొప్పగా చెప్తే నాకైతే అనుమానమే, ఇంగ్లండ్‌లో 45 మంది వెళ్ళినచోట సున్నా అంటే ఒప్పుకునే కేసులన్నా చాలా తక్కువుండాలి, లేదా పంపాల్సినప్పుడు పంపకపోయి ఉండాలి. కవలలు, ఎదురుకాళ్ళు, బీపీ పెరగడం, మాయ కిందికి ఉండటం, 37 వారాలకి ముందే నొప్పులు, ఇలాంటివి వస్తే నేను ఇంట్లో చేయను అని ఆవిడే ముందుగా చెప్తే అలాంటి మనిషిని నమ్మొచ్చు.

అగ్రిమెంట్ గురించి ఇప్పుడు. మొత్తం ముందే కట్టమనడం నాకు నచ్చలేదు, ఎవరడిగినా సరే. బుకింగ్‌కి కొంత, 36వ వారానికి కొంత, కాన్పు తర్వాత ఆవిడ వచ్చి చూడాల్సినవన్నీ అయ్యాక మిగతాది అని విడగొట్టుకోండి, చివరి భాగం మీ దగ్గర ఉంటే కాన్పయ్యాక రావడం ఎగ్గొట్టే అవకాశం తక్కువ. డబ్ల్యూహెచ్‌ఓ 2022 గైడ్‌లైన్ ప్రకారం ఇంట్లో కాన్పైతే మొదటి 24 గంటల్లోపు ఎంత తొందరగా వీలైతే అంత తొందరగా ఒకసారి చూడాలి, ఆ పైన కనీసం మూడుసార్లు, రెండు మూడు రోజులకి, రెండో వారంలోపు, ఆరో వారంలో. మీ ఫీజులో ఇవన్నీ ఉన్నాయో లేదో రాయించుకోండి. ఎనిమిదో నెలలో బీపీ వచ్చి డాక్టర్ ఇంట్లో వద్దన్నారనుకోండి, కట్టిన దాంట్లో ఎంత వెనక్కి వస్తుంది? నొప్పుల మధ్యలో హాస్పిటల్‌కి వెళ్తే ఫీజు తగ్గుతుందా, ఆవిడ మీతో పాటు వస్తారా, రికార్డులు ఇస్తారా? మధ్యలో వెళ్ళినా ఆవిడ పూర్తి ఫీజు తీసుకోవడం న్యాయమే అంటాను, ఎందుకంటే రాత్రంతా పని చేసింది ఆవిడే, పైగా పంపితే ఫీజు పోతుందన్న భయం ఆవిడకి ఉండటం మీకే మంచిది కాదు. కాన్పు అసలు మొదలవ్వకముందే ప్లాన్ మారితే మాత్రం వెనక్కి రావాలి. మీ డేట్‌కి దగ్గర్లో ఇంకెన్ని కాన్పులు ఒప్పుకున్నారు, రెండూ ఒకే రాత్రి వస్తే మీ ఇంటికి ఎవరొస్తారు, వచ్చేవాళ్ళని మీరు ముందే ఒకసారి కలవొచ్చా, ఇవి మర్చిపోవద్దు. స్కాన్‌లు, రక్త పరీక్షలు, బిడ్డకిచ్చే విటమిన్ కె ఇంజెక్షన్ చాలాసార్లు ఫీజులో ఉండవు, వీటికి వేరే పెట్టుకోండి.

ఇన్సూరెన్స్ ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే పాలసీ కాగితం తీసి మెటర్నిటీ కవర్‌కి వెయిటింగ్ పీరియడ్ ఎంతో, అంటే పాలసీ తీసుకున్నాక ఎన్నాళ్ళకి కాన్పు ఖర్చు ఇస్తారో చూడండి, ఐదో నెలలో కొత్తగా తీసుకుంటే సాధారణంగా ఈ కాన్పుకి పనికిరాదు. ఇంటి కాన్పుకి ఏమీ ఇవ్వకపోయినా, అక్కణ్ణుంచి హాస్పిటల్‌కి వెళ్తే ఆ బిల్లు ఇస్తారా అని మెయిల్‌లో అడిగి జవాబు మెయిల్‌లోనే తెప్పించుకోండి, ఫోన్‌లో చెప్పింది లెక్కలోకి రాదు. మిడ్‌వైఫ్‌కి వృత్తిపరమైన ఇన్సూరెన్స్ ఉందా అని కూడా అడగండి, ఏదైనా పొరపాటు జరిగితే దీర్ఘకాలం బిడ్డకయ్యే ఖర్చు ఎవరూ జేబులోంచి పెట్టగలిగేది కాదు.

బిడ్డ పేరు మీద ఫండ్ మంచి ఆలోచనే, మీవారికి చెప్పండి, కానీ ఈ నాలుగైదు నెలల్లో వాడాల్సి రావచ్చనే డబ్బుని మార్కెట్‌లో పెట్టొద్దు, సరిగ్గా కావాల్సిన వారమే అది పడిపోయి ఉండొచ్చు. కాన్పయ్యాక ఆరో వారంలో మిడ్‌వైఫ్ వచ్చి చూడటం అయిపోయి, హాస్పిటల్ బిల్లులు ఏవైనా ఉంటే తీరిపోయాక ఆ పక్కన పెట్టిన దాంట్లో ఎంత మిగిలితే అంత వేయండి. ఈ కొన్ని నెలల తేడాకి ఇరవై ఏళ్ళ లెక్కలో పెద్ద నష్టమేమీ లేదు.

ఇంకొకటి, బిడ్డ పుట్టాక మీ హెల్త్ పాలసీలో పేరు చేర్చడానికి గడువుంటుంది, దానికి బర్త్ సర్టిఫికెట్ అడుగుతారు. ఇంట్లో పుడితే హాస్పిటల్ వాళ్ళు పంపే కాగితం ఉండదు, కాబట్టి ఎవరి సంతకం చెల్లుతుంది, మిడ్‌వైఫ్ లైసెన్స్ నంబర్ వేస్తే సరిపోతుందా, సాక్షులు కావాలా అన్నది జనన నమోదు ఆఫీసులో ఈ నెలలోనే ఒకసారి కనుక్కుని, ఆ కాగితం ఇవ్వడం కూడా ఆవిడ అగ్రిమెంట్‌లో ఒక లైన్‌గా రాయించుకోండి.