వడపోత ద్రవంతో వరి నారు ఎందుకు సాగలేదు?

శ్రీకాళహస్తి దగ్గరి మడిలో ఎత్తుగా, పాలిపోయి, సన్నగా సాగిన వరి మొక్కల నుంచి ఫ్యుజేరియం శిలీంధ్రాన్ని వేరుచేశారనీ, లీటరుకు 4.8 గ్రాముల అమ్మోనియం నైట్రేట్ ఉన్న మాధ్యమంలో పెంచి వడపోసిన ద్రవం నారును ఏమాత్రం సాగించలేదనీ, అరాబిడాప్సిస్ అనే మొక్క జన్యువులను బట్టి రూపొందించిన ప్రైమర్లతో (జన్యువును గుర్తుపట్టే చిన్న డీఎన్ఏ ముక్కలతో) పీసీఆర్ (ఆ జన్యువుకు నకళ్లు తీసే పరీక్ష) కూడా విఫలమైందనీ మీరు రాశారు.

నా అభిప్రాయంలో అసలు చిక్కు నత్రజనిలో ఉంది. వరిని ఇలా సాగదీసే శిలీంధ్రమైన ఫ్యుజేరియం ఫ్యుజికురోయిలో, మొక్కను సాగదీసే హార్మోను జిబ్బరెల్లిన్ తయారీకి కావలసిన 7 జన్యువులు ఒకే క్రోమోజోము మీద పక్కపక్కనే గుంపుగా ఉంటాయి. వాటిలో 6 జన్యువులు, అమ్మోనియం, గ్లుటమిన్ పుష్కలంగా ఉన్నంతసేపు దాదాపు మౌనంగా ఉండి, నత్రజని తరిగిన తరువాతే ఒక నియంత్రక ప్రోటీన్ సాయంతో పనిచేయడం మొదలుపెడతాయి. అందువల్ల అమ్మోనియం నైట్రేట్‌ను పదో వంతుకు, అంటే 0.48 గ్రాములకు తగ్గించి, అది అయిపోయాక కూడా కొన్ని రోజులు పెంచి, అప్పుడు వడపోయండి. 1926లో జపాన్ శాస్త్రవేత్త కురొసావా నారును సాగదీసి చూపింది ఇలాంటి వడపోత ద్రవంతోనే కనుక, మీ పద్ధతిని వదులుకోవద్దు.

ప్రైమర్లను మాత్రం మార్చక తప్పదు. మొక్కలూ శిలీంధ్రాలూ ఈ హార్మోను తయారీని వేర్వేరుగా సాధించుకున్నాయి. మొక్కలో రెండు ఎంజైములు కలిసి జిబ్బరెల్లిన్‌కు ముందు దశ పదార్థమైన కౌరీన్‌ను తయారుచేస్తే, శిలీంధ్రంలో ఆ రెండు పనులనూ ఒకే ఎంజైము చేస్తుంది. ఆ శిలీంధ్ర జన్యువు క్రమాన్నే ఆధారంగా తీసుకోండి. దగ్గరి ఫ్యుజేరియం జాతులు కొన్నింటిలో ఈ గుంపు అసంపూర్తిగా ఉంటుంది కాబట్టి, జాతులను గుర్తించడానికి వాడే టెఫ్-1 జన్యువుతో జాతిని ముందే నిర్ధారించుకోండి.