కూలి లెక్క రాసేముందు

అమ్మలూ,

దిల్‌సుఖ్‌నగర్‌లో నీ స్నేహితురాలి నాన్నగారి క్యాటరింగ్‌లో పనిచేసేవాళ్ల కూలి లెక్కల ప్రోగ్రాము నువ్వు పైథాన్ భాషలో రాస్తున్నావని నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఇంజనీరింగ్ మూడో ఏడైనా దాటలేదు, అప్పుడే ఇన్ని ఇళ్ల పొయ్యి వెలిగే లెక్క నీ చేతికొచ్చింది! మీ పెదనాన్నకు రెండుసార్లు చెప్పి మురిసిపోయాను. తర్వాత నిద్ర పట్టలేదు.

ఇంపోర్ట్‌లన్నీ, అంటే వేరే ఫైళ్లలోని కోడ్ తెచ్చుకునే లైన్లన్నీ, ఫైలు మొదట్లోనే రాయి. స్టార్ గుర్తు పెట్టి మాడ్యూల్లో, అంటే ఆ కోడ్ ఫైల్లో, ఉన్నదంతా గుమ్మరించుకోకు. ప్రాజెక్టుకొక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అంటే దాని లైబ్రరీలకు విడి చోటు, పెట్టుకుని, ఆ లైబ్రరీల వెర్షన్ నంబర్లు రాసిపెట్టుకో. ఇవన్నీ నీకు తెలిసే ఉంటాయి.

నేను భయపడేది ఫైళ్ల పేర్ల గురించి. ఆఫీసు అయ్యాక అమీర్‌పేటలో సాయంత్రం బ్యాచ్‌కి వెళ్లి పైథాన్ నేర్చుకున్నాను. ఆ జిరాక్స్ నోట్సులో దీని గురించి ఒక్క ముక్క లేదు.

2012లో సెక్యూరిటీ గార్డుల జీతాల ప్రోగ్రాము నేనే చూసేదాన్ని. నెలకెన్ని రోజులో చెప్పే మంత్‌రేంజ్ ఫంక్షన్ పైథాన్ క్యాలెండర్ మాడ్యూల్లోనే ఉంది. నేర్చుకుందామని అలాంటిదే సొంతంగా రాశాను, ఫిబ్రవరికి ఎప్పుడూ 28 అని. ఆ ఫైలుకు క్యాలెండర్ డాట్ పీవై అని పేరు పెట్టి, జీతాల ఫోల్డర్లోనే వదిలేశాను. ఇంపోర్ట్ అనగానే పైథాన్ ముందు మన ప్రోగ్రాము ఉన్న ఫోల్డర్లో వెతుకుతుంది, తన సొంత లైబ్రరీకి వెళ్లేది ఆ తర్వాతే. దానికి నా ఫైలే దొరికింది. అది లీపు సంవత్సరం. 29వ తేదీ హాజరు ఎవరికీ లెక్కకు రాలేదు. ఒక్క ఎర్రర్ కూడా చూపించలేదు!

గేటు దగ్గరుండే పెద్దాయన వచ్చి, “మేడమ్, ఒక్క రోజు తక్కువొచ్చినట్టుంది, జర చూడుండ్రి” అన్నాడు, తప్పు తనదే అన్నట్టు. ఫైలు చూడగానే విషయం అర్థమైంది. తీసేసి, సరిచేశానని ఆయనకు చెప్పి మళ్లీ నడిపాను. మళ్లీ 28 రోజులే వచ్చింది! ఆయన అక్కడే నిలబడి ఉన్నాడు. ఆ ముఖం ఇప్పటికీ నా కళ్లముందు నుంచి పోదు.

అప్పటి పైథాన్ 2లో, ఇంపోర్ట్ అయిన ఫైలుకు పక్కనే పీవైసీ అని ఇంకో ఫైలు, పైథాన్ తనకోసం మార్చుకున్న నకలు, తయారయ్యేది. అసలుది తీసేసినా అదొక్కటే లోడ్ అయ్యేది. అది తెలుసుకునేసరికి రాత్రి పదకొండయింది. క్యాలెండర్ తర్వాత చుక్క పెట్టి, రెండేసి అండర్‌స్కోర్ల మధ్య ఫైల్ అని ప్రింట్ చేస్తే, మాడ్యూల్ ఏ ఫోల్డర్ నుంచి వచ్చిందో కనిపించింది. ఆ ఒక్క లైను పొద్దున్నే రాసి ఉంటే ఆయన బాకీ డబ్బుతో ఇంటికి వెళ్లేవాడు.

పైథాన్ 3లో ఆ పీవైసీ పైక్యాష్ ఫోల్డర్లోకి పోతుంది, అసలు ఫైలు లేకపోతే దాన్ని పట్టించుకోదు. కానీ మన ఫోల్డర్లో ముందు వెతకడం మాత్రం అలాగే ఉంది. అందుకని క్యాలెండర్, ఈమెయిల్, ర్యాండమ్ లాంటి పేర్లు నీ ఫైళ్లకు పెట్టకు. కూలి_రోజులు అని ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకో, నష్టమేం లేదు.

రాత్రి రెండింటిదాకా హాస్టల్లో మేలుకుంటున్నావటగా? ఏం పనే అది? నిద్రకళ్లతో పిప్ ఇన్‌స్టాల్, అదే ఇంటర్నెట్ నుంచి ప్యాకేజీలు దించుకునే కమాండ్, కొట్టకు. తేదీల లైబ్రరీని పైథాన్-డేట్‌యుటిల్ అని ఇన్‌స్టాల్ చేసి, డేట్‌యుటిల్ అని ఇంపోర్ట్ చేస్తాం. 2019లో పైథాన్3-డేట్‌యుటిల్ అని ఎవరో నకిలీది పెట్టారు. అది ఇంకో నకిలీ ప్యాకేజీని లాక్కొచ్చి, కంప్యూటర్లోని తాళంచెవులు దొంగిలించేది, అంటే వేరే కంప్యూటర్లలోకి లాగిన్ కావడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ కీలు. ఒక్క అంకే తేడా చూడు. పేరు గుర్తు లేకపోతే ఊహించి కొట్టకు, తెల్లారి చూసుకో. కళ్లు పాడైతే నేను ఊరుకోను బంగారం.

కూలి డబ్బులు పంచేలోపు ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా. ఫిబ్రవరి 2028 పెట్టి నా ముందు ఒకసారి నడిపించు. 29 కనిపించాక పెసరట్లు పోస్తాను. పప్పు శనివారం రాత్రే నానబెడతాను.

మీ పెద్దమ్మ