పెన్న ఒడ్డు కోటకు అత్తమామలతో ఒక్కరోజు: గొడవ లేకుండా వెళ్లొచ్చేదెలా?

ప్రశ్న: మాది నెల్లూరు జిల్లా ఆత్మకూరు. ఇంట్లో నేను, మావారు, పదకొండేళ్ల బాబు, ఐదేళ్ల పాప, అత్తమ్మ, మామయ్య. అత్తమ్మకు షుగర్, మోకాళ్ల నొప్పులు. మామయ్యకు ప్రోస్టేట్ సమస్య, గంట గంటన్నరకోసారి బాత్రూముకు వెళ్లాలి. పోయిన సంక్రాంతి సెలవుల్లో ఒక్క రోజులో నాలుగు గుళ్లు, ఒక డ్యామ్ అని బయల్దేరాం. రెండో గుడి క్యూలో, పదిన్నరకు, ఇంకా టిఫిను కూడా తినకముందే అత్తమ్మ చెమటలు కక్కుతూ ‘నన్ను ఈడ కూర్చోబెట్టి మీరంతా యాడికి పోతిరి?’ అని అందరి ముందూ అరిచారు. మావారు ఆ కోపం నా మీద చూపించారు. మూడింటికి లేచి నేను చేసిన పులిహోర పాడైపోతే పారబోశాం. తర్వాత పది రోజులు ఇంట్లో మాటల్లేవు. ఇప్పుడీయన కనుమ రోజు గండికోట, బెలూం గుహలు తిప్పుకొస్తానంటున్నారు. అత్తమ్మేమో ‘కనుమనాడు కాకి కూడా కదలదు’ అంటున్నారు. వద్దంటే సరదా చెడగొట్టిన పేరు నాకొస్తుంది. సరేనంటే మళ్లీ అదే రామాయణం. ఏం చేయమంటారు?

జవాబు: ముందుగా ఆ క్యూలో జరిగిన గొడవ సంగతి. షుగర్ ఉన్న మనిషి, పొద్దున మాత్ర వేసుకునే ఉంటారు, పదిన్నర దాకా ఏమీ తినలేదు, చెమటలు పట్టాయి, ఒక్కసారిగా కోపం వచ్చింది. గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునేవాళ్లకు తిండి ఆలస్యమైతే రక్తంలో చక్కెర పడిపోవచ్చు. చెమట, వణుకు, గుండెదడ, అకారణంగా చిరాకు దాని గుర్తులే. ఆ రోజు మీటరుతో చూడలేదు కాబట్టి అదేనని తేల్చి చెప్పలేం. కానీ పది రోజులు మీ ఇంట్లో మాటలు లేకుండా చేసిన ఆ అరుపులో సగం వాటా ఖాళీ కడుపుదై ఉండొచ్చు. ఈ మాట మీ ఆయనకు చెప్పండి, తప్పెవరిదన్న లెక్క అక్కడే కాస్త పలచబడుతుంది. అత్తమ్మ ఏ మాత్ర వాడుతున్నారో, ప్రయాణం రోజు ఎప్పుడు వేసుకోవాలో ఆవిడ డాక్టరునే అడగండి. మీ అంతట మీరు మానిపించవద్దు.

మిగతా సగం ఆవిడ నోటి నుంచే వచ్చింది. ‘నడవలేకపోతున్నా’ అనలేదు, ‘నన్ను ఈడ కూర్చోబెట్టి’ అన్నారు. ఒంటరిగా వదిలేశారన్న బాధ అది. దానికి మోకాలి పట్టీ పనిచేయదు, పక్కన మనిషి ఉండాలి.

ఇక గండికోట. ఆత్మకూరు నుంచి బద్వేలు, మైదుకూరు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు మీదుగా ఒకవైపే నాలుగు గంటలు పడుతుంది. బెలూం కూడా కలిపితే ఆ రోజు తొమ్మిది పది గంటలు బండిలోనే గడిచిపోతాయి. బెలూంలో మెట్లు, లోపల ఉక్క. గండికోటలో లోయ అంచుకు వెళ్లాలంటే బండలెక్కాలి. అత్తమ్మకు ఈ రెండూ పనికిరావు. మీ జిల్లాలోని ఉదయగిరి దుర్గం దగ్గరే గానీ మూడువేల అడుగుల కొండ, మోకాళ్ల నొప్పులున్నవాళ్ల దగ్గర దాని పేరెత్తనక్కర్లేదు.

మీకు సరిపోయేది సిద్ధవటం కోట. గండికోటలాగే అదీ కడప జిల్లాయే, అదీ పెన్న ఒడ్డే. కాకపోతే కొండ మీద కాదు, చదును నేల మీద కట్టిన కోట. విస్తీర్ణం సుమారు 36 ఎకరాలు. మీ ఊరి నుంచి మర్రిపాడు, బద్వేలు మీదుగా నూటపది కిలోమీటర్లు అటూ ఇటూగా, రెండున్నర గంటలు. మట్లి రాజులు ఏలిన చోటు. సిద్ధేశ్వరాలయం కోటలోనే ఉంది. శ్రీశైలానికి తూర్పు ద్వారం త్రిపురాంతకమైతే దక్షిణ ద్వారం సిద్ధవటం, అందుకని అత్తమ్మకు వేరే గుడి వెతకక్కర్లేదు. పక్కనే ఒంటిమిట్ట కదా అని మీ ఆయన అంటారు, తప్పకుండా అంటారు. మధ్యాహ్నం రెండింటికి అత్తమ్మ తానుగా ‘పోదాం’ అంటేనే ఒంటిమిట్ట. ముందే మాట ఇస్తే అందరూ గడియారం చూసుకుంటూ కోటలో తిరుగుతారు.

కనుమ గురించి వాదన పెట్టుకోకండి. ఆవిడ మాట మన్నించి ముక్కనుమ దాటాక ఒక రోజు పెట్టుకుంటే మీకే లాభం. రోడ్ల మీదా గుళ్లలోనూ రద్దీ తగ్గుతుంది. సంక్రాంతి వంటల అలసట మీకూ తీరుతుంది.

మీ ఆయనతో మాట్లాడేది భోజనాల దగ్గర వద్దు, అత్తమ్మ వింటుండగా అసలే వద్దు. ‘పోయినేడు మీరు’ అని మొదలుపెట్టారంటే రెండో వాక్యానికే ఆయన వకీలై కూర్చుంటారు. ఇలా అడిగి చూడండి: ‘అత్తమ్మ, మామయ్య కూడా సంతోషంగా తిరిగి రావాలని నాకుంది. బండి, దారి, మామయ్య మీరు చూసుకోండి. తిండి, పాప నేను చూసుకుంటా. చోటు మాత్రం ఒక్కటే పెట్టుకుందాం.’ ఇంతవరకే. ఆయన ఎక్కువ చోట్లు చూపించాలనుకోవడం వెనక ఉన్నది మంచి ఉద్దేశమే. ఖర్చు పెట్టి తీసుకెళ్తున్నప్పుడు ఇంకొకటి చూపిస్తే పోలేదా అనే లెక్క. అందుకే ‘వద్దు’ అనే బదులు ఆయన చేతికి ఇంకో పని ఇవ్వండి. ముందురోజు బద్వేలు హోటళ్లలో ఎక్కడ వెస్టర్న్ టాయిలెట్ ఉందో ఫోన్ చేసి కనుక్కునే బాధ్యత ఆయనది. ఈ ఒక్క ఫోనూ ఆ రోజును సగం కాపాడుతుంది. మోకాళ్ల నొప్పి ఉన్న ఆడవాళ్లు కింద కూర్చునే టాయిలెట్‌కు భయపడి పొద్దుటి నుంచీ నీళ్లు తాగరు. మామయ్య కూడా అదే పని చేస్తుంటారు, బండి ఆపమనడం మొహమాటం. నీళ్లు మానేస్తే నీరసం, మలబద్ధకం, మూత్రంలో మంట వస్తాయి. కాబట్టి ఆయన అడిగేదాకా ఆగకుండా మర్రిపాడు దగ్గర ఒకసారి, బద్వేలులో ఒకసారి, కోటకు చేరే ముందు పెట్రోలు బంకులో ఒకసారి డ్రైవరే ఆపాలి. ‘మామయ్య కోసం’ అని పైకి అనకండి, ‘టీ తాగుదాం’ అనండి.

బండి విషయంలో పొదుపు వద్దు. ఐదుగురు పట్టే కారులో ఆరుగురు ఇరుక్కుంటే పాప ఒళ్లో, బాబు ఇద్దరి మధ్య, అత్తమ్మ కాళ్లు ముడుచుకుని. గంటకే మోకాళ్లు బిగుసుకుపోతాయి. ఆ ఒక్కరోజుకు పెద్ద బండి అద్దెకు మాట్లాడుకోండి. అయితే పెద్ద బళ్లకు మెట్టు ఎత్తు, పైగా మోకాలికి ఎక్కడం కంటే దిగడం కష్టం. వంటింట్లో మీరు కూర్చునే చెక్కపీట ఒకటి డిక్కీలో వేసుకెళ్లి దిగేచోట వేయండి. ముందు సీటు అత్తమ్మకు, వెనక్కి జరిపి పెట్టండి. పాపకు బండి పడకపోతే ఫోన్ చేతికివ్వకుండా రోడ్డు కనిపించేలా కూర్చోబెట్టండి. వెలిగొండలు దాటేటప్పుడు మలుపులున్నాయి. బయల్దేరే ముందు నూనె సరుకు ఏదీ పెట్టకండి, ఒక ఇడ్లీ చాలు.

ఇంటి దగ్గర ఆరున్నరకు కదిలితే ఎనిమిదికి బద్వేలులో టిఫిను. అత్తమ్మ మాత్ర ప్లేటు ముందుకొచ్చాకే, డాక్టరు సరేనంటే. బయట తిండి ఆవిడకు పడదంటే ఇంటి ఇడ్లీలు డబ్బాలో పెట్టుకుని అక్కడే కూర్చుని తినండి. మీ చేతిసంచిలో చక్కెర పొట్లం, చిన్న నీళ్ల సీసా ఉండాలి. వణుకు, చెమట కనిపిస్తే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి, తగ్గకపోతే మళ్లీ అంతే ఇచ్చి, తర్వాత ఏదైనా తినిపించాలి. మగతగా ఉండి మింగలేని స్థితిలో ఉంటే నోట్లో ఏమీ పోయకుండా నేరుగా ఆసుపత్రికే వెళ్లాలి.

పులిహోర ఎందుకు పాడైందంటే, చాలావరకు వేడి మీద డబ్బాలో పెట్టి మూత బిగించి ఉంటారు. ఆవిరి మూతకు పట్టి చుక్కలుగా అన్నం మీద పడుతుంది, ఆ తడికే జిగట వస్తుంది. ఈసారి చింతపండు పులుసు ముందురోజు రాత్రే దగ్గరగా, నూనె తేలేదాకా ఉడికించి పెట్టుకోండి. ఆ పని అత్తమ్మకే అప్పజెప్పండి, కుర్చీలో కూర్చుని చేసే పనే కదా. ఆవిడ చేతి పులుసని నలుగురూ అంటే ఆ ప్రయాణం ఆవిడది కూడా అవుతుంది. పొద్దున అరకిలో బియ్యం పొడిగా వండి, వెడల్పాటి పళ్లెంలో ఆరబోసి, పూర్తిగా చల్లారాక కలిపి, స్టీలు డబ్బాలో సర్దండి. దద్దోజనానికి పావుకిలో పైన బియ్యం మెత్తగా వండి, కాచిన పాలు ఎక్కువ పోసి పెరుగు రెండు చెంచాలు మాత్రమే వేస్తే మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది, పులవదు. ఆరుగురికి ఇది చాలు. మూడో రకం చేయకండి. ఐదింటికి లేస్తే సరిపోతుంది. నీళ్లు మాత్రం ఇరవై లీటర్ల క్యాను వేసుకెళ్లండి, తాగడానికీ చేతులకూ కాళ్లకూ. సిద్ధవటం చిన్న ఊరు, అక్కడికెళ్లాక అన్నీ దొరుకుతాయిలే అనుకోవద్దు.

కోట చేరేసరికి తొమ్మిదిన్నర. మొదటి గంట అందరూ కలిసే తిరగాలి, అత్తమ్మ నడక ఎంతో అంతే. చదునే అయినా రాళ్లు ఎగుడుదిగుడు, వెనక పట్టీ ఉన్న చెప్పులు వేయించండి, హవాయి చెప్పులు వద్దు. మడత కుర్చీ ఒకటి బాబు మోస్తాడు. ఆ తర్వాత ఆవిడ నీడన కూర్చుంటే ఎవరో ఒకరు పక్కన ఉండాలి, వంతు అరగంట. మొదటి వంతు మీ ఆయనది. కొడుకు తనంతట తాను పక్కన కూర్చున్న అరగంట ఆవిడకు నాలుగు గుళ్ల పెట్టు.

మామయ్యకు కబుర్లు చెప్పే అలవాటుంటే బాబును ఆయనకు అప్పజెప్పండి. 1808 నుంచి 1812 దాకా ఈ సిద్ధవటమే జిల్లా కేంద్రం, తర్వాత కడపకు మారింది. చుట్టుపక్కల అడవుల్లో, ఇక లేదనుకున్న కలివికోడి అనే పక్షి 1986లో మళ్లీ కనబడింది. కర్ణాటకలోని నంది కొండల్లో పుట్టిన ఈ పెన్నే ఇక్కడి నుంచి సోమశిలకు, సంగానికి, నెల్లూరు రంగనాయకుల గుడి దగ్గరికి వచ్చేది. పదకొండేళ్ల పిల్లాడు ‘మన నీళ్లు ఇక్కడివా’ అన్నాడంటే మామయ్యకు ఆ పూట ఇంకేమీ అక్కర్లేదు.

నది దగ్గర మాత్రం మెతకగా ఉండకండి. ఇసుక తోడిన గుంటలు నీటి కింద కనిపించవు, మోకాలి లోతు అనుకుని వేసిన రెండో అడుగు నిలువు లోతులో పడుతుంది. పిల్లలు ఒడ్డునే, నీళ్లలోకి దిగేది లేదు. బురుజుల మీద, గోడల మీద అంచుకు వెళ్లనివ్వకండి. పాత బావులు, పొదలు, తేనెతుట్టెలు ఉండే చోట్లివి. ‘అందరం చూస్తున్నాంలే’ అనుకోకుండా ఏ అరగంటకు పిల్లలు ఎవరి బాధ్యతో పేరు పెట్టి చెప్పుకోండి. బయల్దేరే ముందు రెండు రోజులూ వానల కబురు, సోమశిల నీటి వార్తలు చూసుకోండి. మన వైపు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే ఎక్కువ, జనవరిలో భయం తక్కువ. అయినా ముసురు పట్టి ఉంటే వారం వాయిదా వేయండి.

పన్నెండుకల్లా భోజనం, కోట లోపల పొయ్యి పెట్టొద్దు. డబ్బాలు కోతుల కంట పడకుండా సంచిలో ఉంచండి. రెండున్నరకు తిరుగు ప్రయాణమైతే వెలుగుండగానే ఇల్లు. ఆ రాత్రికి మీరు వంటింట్లోకి వెళ్లరని, ఆత్మకూరులోనే ఇడ్లీలో దోసెలో కట్టించుకొస్తారని మీ ఆయన ముందే ఒప్పుకోవాలి. ఇది అడగడానికి మొహమాటపడే ఆడవాళ్లే ఎక్కువ, పోయినసారి మీ కోపంలో దీని వాటా తక్కువేం కాదనిపిస్తోంది.

ఇంకో ముఖ్యమైన మాట. అసలు రావాలని ఉందో లేదో అత్తమ్మను ఎవరైనా అడిగారా? ‘కాకి కూడా కదలదు’ అన్నది పండగ ఆచారమూ కావచ్చు, ఓపిక లేదని చెప్పే దారీ కావచ్చు. మీరే, మీ ఆయన లేనప్పుడు, అడగండి: ‘మీకు ఓపికుంటేనే పోదాం, లేదంటే ఏమీ అనుకోం.’ రానంటే అలగడం కిందికి తీసుకోకండి. ఆ రోజు మధ్యాహ్నం మీ ఇంటి దగ్గర ఎవరు తోడుంటారో చూసుకుని, మామయ్యతో మీరు వెళ్లి రండి.

ఇంత చెప్పినా మీ ఆయన మనసు గండికోట మీదే ఉంటే కాదనకండి, అది చూడాల్సిన చోటే. కాకపోతే ఫిబ్రవరిలో, మీ నలుగురే, రెండు రోజులకు. అక్కడ టూరిజం వాళ్ల హరిత హోటల్ ఉంది, రాత్రి ఉండి పొద్దున్నే లోయ చూడొచ్చు. గది బుక్ చేసే ముందు మాత్రం ఆ రాత్రి పెద్దవాళ్లిద్దరి దగ్గర ఎవరు పడుకుంటారో తేల్చుకోండి.