గీత పడ్డ సీడీలో తాళం

ప్రశ్న: మా ఇంట్లోని తప్పెటగుళ్ళ సీడీ గీతలు పడి, చివరి పాటలో ‘తక తక తక’ అంటూ ఒకేచోట తిరుగుతోంది. పారేద్దామంటే ఆ తడబాటే బాగుంది. దాంతో సంగీతం కట్టవచ్చా?
– ఒక పాఠకుడు, గరివిడి

జవాబు: నిక్షేపంలా కట్టవచ్చు. మధ్య నుంచి అంచుకు పడ్డ అడ్డగీతను ప్లేయర్ తనే సర్దుకుంటుంది. సమాచారాన్ని చెదరగొట్టి రాస్తారు కనుక ట్రాక్ (సీడీ మీద చుట్లు చుట్లుగా సాగే సన్నని దారి) వెంట సుమారు 2.5 మిల్లీమీటర్లు పోయినా మిగతా ముక్కలతో లెక్కగట్టి పూడ్చేస్తుంది. చిక్కల్లా ట్రాక్ వెంబడే గుండ్రంగా పడ్డ గీతతోనే. లేజర్ దారి తప్పి వెనకటి చుట్టులోకి జారుతుంది, విన్నదే మళ్ళీ వినిపిస్తుంది.

సీడీ లోపలి నుంచి బయటకు నడుస్తుంది. లోపల నిమిషానికి దాదాపు 500 చుట్లు, అంచు దగ్గర 200. అంటే ఒక చుట్టు జారితే మొదటి పాటలో సెకనుకు ఎనిమిది దెబ్బలు, నిండా ఉన్న సీడీ చివర్లో మూడు. గీత గజ్జెల మోత మీద పడితే అందం, గొంతు మీద పడితే నత్తి.

కంప్యూటర్ డ్రైవ్‌లో కాపీ చేయకండి, అది పదేపదే చదివి తప్పు దిద్దబోతుంది. యాంటీషాక్ (కుదుపులకు పాట తెగకుండా చూసే ఏర్పాటు) లేని పాత ప్లేయర్ లైన్ అవుట్ నుంచి ఆడియో ఇంటర్‌ఫేస్‌కు, అంటే కంప్యూటర్‌లోకి శబ్దం ఎక్కించే పెట్టెకు వైరు కలిపి, పీక్ (అతి పెద్ద శబ్దం) మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో పది నిమిషాలు రికార్డు చేయండి. పనికొచ్చేది అర నిమిషం దొరికితే గొప్పే.

కొత్త తప్పులు చేయించాలంటే వేరే సీడీ తీసుకోండి. జపాన్ కళాకారుడు యసునావో టోనే 1980ల్లోనే సూదితో చిల్లులు పొడిచిన సెల్లోటేపును సీడీకి అతికించి వాయించాడు. మెరిసే వైపు చిన్న ముక్క చాలు. అంచులు గోటితో నొక్కండి, లేస్తే లెన్స్‌కు తగులుతుంది. బొమ్మ ఉన్న వైపు గీరితే అల్యూమినియం పొర ఊడుతుంది, ఇక ఆ సీడీ దక్కదు.

ప్రశ్న: వయొలిన్ రికార్డింగును ముక్కలు కోసి తిప్పుతుంటే అతుకు దగ్గరల్లా ‘టిక్’మంటోంది. తీసేయాలా?
– ఒక విద్యార్థిని, శ్రీకాకుళం

జవాబు: కొన్ని ఉంచమ్మా. తరంగం సున్నా గీత మీద లేనిచోట కోస్తే శబ్దం ఒక్కసారిగా ఎగురుతుంది, ఆ ఎగురుడే టిక్. ఆడాసిటీలో ముక్కను ఎంచుకుని జెడ్ మీట నొక్కితే కోత సున్నాకు జరుగుతుంది. ఇంకా మిగిలితే రెండు కొసలా 3 మిల్లీసెకన్ల ఫేడ్ ఇవ్వు, అంటే శబ్దం మెల్లగా లేచి మెల్లగా తగ్గేలా చెయ్యి. ప్రతి నాలుగో అతుకును మాత్రం టిక్‌తోనే వదిలేయి, దెబ్బ అక్కడ పడుతుంది.

ముక్కను 20 మిల్లీసెకన్లకు కుదిస్తే టిక్కులు కలిసిపోయి 50 హెర్ట్జ్ స్వరమవుతాయి, 10కి కుదిస్తే 100. 1000ని నీ షడ్జం హెర్ట్జ్‌తో భాగిస్తే ముక్క పొడవు వస్తుంది: 146.8కి 6.8 మిల్లీసెకన్లు. పెద్ద బాక్సుల్లో పెట్టేముందు మైనస్ 6 డెసిబెల్స్ దగ్గర లిమిటర్ (శబ్దం హద్దు దాటకుండా ఆపేది) వేసుకో, లేకపోతే ట్వీటర్లు (సన్నని స్వరాలు పలికే చిన్న స్పీకర్లు) కాలిపోతాయి.