మూడు పడవల మీద కాళ్లు పెట్టానా?

ప్రశ్న: గుంటూరు దగ్గర ఒక కాలేజీలో బీటెక్ ఈఈఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మూడో సంవత్సరం చదువుతున్నాను. ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ సేవా పథకం) వాలంటీర్లకు లీడర్‌ని. హాస్టల్ మెస్‌లో తడి చెత్తతో ఎరువు చేసే పని మేమే మొదలుపెట్టాం. అమ్మాయిల ఖోఖో జట్టుకు స్టూడెంట్ మేనేజర్‌ని కూడా. రెండు సబ్జెక్టులు తప్పాను. ‘రెండు పడవల మీద కాళ్లు పెడితేనే మునుగుతారు, నువ్వు మూడింటి మీద పెట్టావు’ అని అమ్మ కోప్పడుతోంది. ఏది మానేయాలి?

జవాబు: అమ్మగారి మాటతో సగం ఏకీభవిస్తాను. క్యాంపస్‌కి వచ్చే చాలా కంపెనీలు బ్యాక్‌లాగ్ (తప్పిన సబ్జెక్టు) ఉంటే రాతపరీక్షకే కూర్చోనివ్వవు. మీరు చేసిన మంచి పనులన్నీ అప్పుడు గుమ్మం బయటే ఉండిపోతాయి. ముందు ఆ రెండు సబ్జెక్టులూ గట్టెక్కండి.

మానాల్సింది ఎన్‌ఎస్‌ఎస్ లీడర్ పదవి. సర్టిఫికెట్‌కి రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల క్యాంపు కావాలి. మూడో ఏడాదికి వచ్చారంటే ఇవి దాదాపు అయిపోయే ఉంటాయి. మిగిలింది మీటింగులు, బ్యానర్లు, ముఖ్య అతిథికి శాలువా. సెకండియర్ వాళ్లు చేస్తారు, చేయనివ్వండి. పదవి వదులుకోవడం కష్టమే అనుకోండి, సర్పంచులకే కష్టం!

జట్టును మాత్రం సీజన్ మధ్యలో వదలొద్దు. ఎలిజిబిలిటీ ఫారాలు, రైలు టికెట్లు, టీఏ డీఏ బిల్లులు చూసుకోవడం చిన్న పనేం కాదు. కిట్ బ్యాగు, రోజువారీ ప్రాక్టీసు హాజరు ఒక జూనియర్‌కి అప్పగించండి. టోర్నమెంటుకి వెళ్లే ముందే హెచ్‌ఓడీ (విభాగాధిపతి) దగ్గర, ఆ రోజులకు హాజరు పోకుండా కాపాడే ఆన్ డ్యూటీ లెటర్ తీసుకోండి. తిరిగొచ్చాక అడుగుదామనుకుని, 75 శాతం హాజరు దగ్గర ఇరుక్కున్న పిల్లల్ని ఏటా చూస్తూనే ఉన్నాను.

ఎరువు పని మాత్రం అసలు వదలొద్దు. ఇందులో మీకింకా కనబడని ఉద్యోగం ఉంది. స్టాక్ మార్కెట్‌లో నమోదైన మొదటి వెయ్యి పెద్ద కంపెనీలు ఎంత కరెంటు వాడాయో, ఎంత నీరు వాడాయో, ఎంత చెత్త పోగైందో 2022-23 నుంచి ఏటా లెక్క చెప్పాలని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తప్పనిసరి చేసింది. దాన్ని బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టు అంటారు. ఆ లెక్కలు రాసే మనుషులు కావాలి కదా! ‘పర్యావరణంపై ఆసక్తి ఉంది’ అని రెజ్యూమెలో రాసేవాళ్లు కోకొల్లలు. ‘మా మెస్‌లో రోజుకు ఇన్ని కిలోల తడి చెత్త వచ్చేది, ఇంతకు తగ్గించాం’ అని చెప్పగలిగినవాళ్లు అరుదు. పైగా మీది ఈఈఈ. హాస్టల్ కరెంటు బిల్లులు కూడా నెలనెలా రాసిపెట్టుకోండి. బీటెక్ తర్వాత మూడేళ్ల అనుభవం వస్తే, ఇంధన పొదుపు వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ బీఈఈ సంస్థ పెట్టే ఎనర్జీ మేనేజర్ పరీక్ష రాయవచ్చు.

ఇంతకీ మీ చెత్తను తూస్తున్నారా? ఉత్తరంలో ఎక్కడా కిలోల మాట లేదు. కాటా కొనక్కర్లేదు, కూరగాయలు తూచేది మెస్‌లోనే ఉంటుంది. రేపు పొద్దున్నుంచే ఒక నోటుపుస్తకం పెట్టండి.