పారిపోయిందా, వెళ్ళిపోయిందా?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. రెండోసారి పెన్సిల్ పట్టుకున్నాను. అది చూసి టెన్షన్ పడకు. పసలేని రాతల మీద గీతలు గీసే ఓపిక నాకు ఎప్పుడో పోయింది.

"అమెరికా చరిత్రలో ఎవరికీ తెలియని కథ" అని మొదలుపెట్టావు. ఎవరికి తెలియదమ్మాయ్? ప్రెసిడెంటు జార్జ్ వాషింగ్టన్ ఇంట్లో బానిసగా ఉండి, అక్కణ్ణుంచి వెళ్ళిపోయిన ఓనా జడ్జ్ సంగతి 1796లోనే ఫిలడెల్ఫియా పత్రికల్లో ప్రకటనగా పడింది. 1845లో ఒకసారి, 1847లో ఇంకోసారి ఆమె స్వయంగా చెప్పిన మాటలు అచ్చయ్యాయి. తెలియనిది మనకు. ఆ వాక్యం కొట్టేశాను.

ఆ ప్రకటనను నువ్వు ఒక్క ముక్కలో దాటేశావు. నేనైతే అక్కడే బాసింపట్టు వేసుకుని కూర్చునేవాణ్ణి. ప్రెసిడెంటు వాషింగ్టన్ ఇంటి వ్యవహారాలు చూసే మనిషి వేయించిన ప్రకటన అది. పట్టి తెచ్చినవారికి పది డాలర్లు. మొహం నిండా మచ్చలు, బాగా నల్లని కళ్ళు, గుబురు జుట్టు, సన్నటి మనిషి, ఇరవై ఏళ్ళుంటాయి. ఆ తర్వాత ఒక మాట ఉంది: మంచి బట్టలు రకరకాలవి చాలా ఉన్నాయి గానీ, వివరించి చెప్పేంతగా గుర్తులేవట.

ఇప్పుడు దాని పక్కన ఓనా ముసలితనంలో చెప్పిన మాట పెట్టు. దొరలు తమ సొంతచోటు వర్జీనియా వెళ్ళడానికి సామాన్లు సర్దుకుంటుంటే నేనూ సర్దుకున్నాను, ఎక్కడికో నాకే తెలియదు, అంది. ఊళ్ళో తనకున్న నల్లజాతి స్నేహితుల ఇంటికి తన సామాను ముందే చేరవేసింది. మే 21న దొరలు భోజనాల దగ్గర ఉండగా గడప దాటింది. ప్రెసిడెంటు భార్య మార్తా బట్టలన్నీ చూసుకున్నది ఆమే, సూదిపనిలో నేర్పరి. ఆ ఇంట్లో ఎవరి బట్టలు ఏవో ఆమెకు తెలుసు. ఆమె బట్టలు ఏవో ఎవరికీ గుర్తులేదు. ఈ తేడా ప్రకటనలోనూ లేదు, ఆమె చెప్పినదాంట్లోనూ లేదు. రెండూ పక్కపక్కన పెడితేనే దొరుకుతుంది. మన పని అక్కడుంది.

అదే ప్రకటనలో ఆమె వెళ్ళిపోవడానికి కారణమేమీ లేదని కూడా రాశారు. కారణం లేకపోవడమేమిటి! మార్తా తన మనవరాలు ఎలైజా పెళ్ళయ్యాక ఓనాను ఆమెకు ఇచ్చేద్దామనుకుంది, మనం పెళ్ళికి బిందెలు, పళ్ళేలు ఇచ్చినట్టు. ఆ మనిషి కింద మాత్రం ఉండకూడదని ఓనా నిశ్చయించుకుంది.

ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియాలో 1780 నాటి చట్టం సంగతి బాగానే రాశావు. ఆ రాష్ట్రంలో ఆరు నెలలు ఉంచితే బానిస విడుదల కోరవచ్చు. అందుకే గడువు నిండకముందే వాషింగ్టన్ ఇంటి బానిసలను రాష్ట్రం దాటించి మళ్ళీ తెచ్చేవారు. 1791లో వాషింగ్టన్ తన కార్యదర్శికి రాసిన ఉత్తరంలో, వాళ్ళనూ లోకాన్నీ నమ్మించే ఏదో ఒక సాకు మీద ఆ పని చెయ్యమంటాడు. ఈ ఉత్తరం నీ వ్యాసంలో లేదు, పెట్టు.

ఇక అసలు సంగతి, నీ తెలుగు. "వాషింగ్టన్ గారు విచారించారు" అని రాశావు. కింది వాక్యంలో "ఓనా పారిపోయింది" అన్నావు. ఒకరికి గారు, ఇంకొకరికి ఏకవచనం! ఇంగ్లీషు క్రియల్లో ఈ తేడా కనిపించదు. మన క్రియ తోక పట్టుకుంటే చాలు, ఎవరికి ఏ పీట వేశామో తెలిసిపోతుంది. ఇద్దరికీ గౌరవం ఇవ్వు, లేదా ఇద్దరికీ తీసెయ్. నేను తీసేస్తాను. "పారిపోయింది" అన్నది కూడా ప్రకటన వేయించినవాడి మాట. ఆమె వెళ్ళిపోయింది.

ఆమె న్యూహాంప్‌షైర్‌లోని పోర్ట్స్‌మత్‌లో ఉందని తెలిశాక వాషింగ్టన్ రాసిన ఉత్తరాన్ని "సేవకురాలిగా కన్నా ఎక్కువగా బిడ్డ వలె ఆదరించబడిన" అని అనువదించావు. ఎవరు మాట్లాడతారమ్మా అలా? "పనిపిల్లలా కాదు, ఇంట్లో పిల్లలా చూసుకున్నాం, విశ్వాసం లేదు" అను. చిన్నప్పుడు మా వీధి అరుగుల మీద ఈ మాట ఎన్నిసార్లు విన్నానో. పనిమనిషి మానేసిన ప్రతి ఇంట్లోనూ ఇదే మాట.

ఓనాను దాటించిన ఓడ కెప్టెన్ జాన్ బోల్స్ పేరును ఆయన పోయేదాకా ఆమె బయటపెట్టలేదు, శిక్ష పడుతుందేమోనని. దీన్ని ఫుట్‌నోట్‌లో పడేశావు. పైకి తీసుకురా.

రెండో వ్యాసానికి ఒనెసిమస్‌ను ఎంచుకున్నావు, మంచిదే. 1721లో బోస్టన్‌లో మశూచి వ్యాపించినప్పుడు అప్పటి టీకా పద్ధతిని, అంటే మశూచి రసిని ఒంట్లోకి ఎక్కించడాన్ని, మతబోధకుడు కాటన్ మేదర్ గట్టిగా సమర్థించాడు. ఆ పద్ధతిని అతనికి ముందే చెప్పినది అతని దగ్గర బానిసగా ఉన్న ఒనెసిమస్, ఆఫ్రికాలో తనకు అలా చేశారని. వేయించుకున్న సుమారు 240 మందిలో చనిపోయినవారు ఆరుగురు. వేయించుకోకుండా జబ్బు పడ్డవాళ్ళలో ఏడుగురికి ఒకరు. మశూచిని "అమ్మవారు" అన్న మన పాఠకులకు దాని భయం విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ అతనికి తల్లి పెట్టిన పేరు అంటూ నువ్వొకటి కల్పించావు. వద్దు. ఒనెసిమస్ అన్నది మేదర్ పెట్టిన పేరు, అంతకుముందు పేరు మనకు దక్కలేదు. ఆ ఖాళీని ఖాళీగానే ఉంచు.

మళ్ళీ ఓనా దగ్గరికి. 1799లో వాషింగ్టన్ తన సొంత బానిసలను విడుదల చెయ్యాలని వీలునామా రాశాడు. ఓనా మార్తా మొదటి భర్త ఆస్తి లెక్కలోది కనుక ఆ వీలునామా ఆమెకు వర్తించదు. 1848లో చనిపోయేదాకా చట్టం లెక్కలో ఆమె పట్టుబడని బానిసే. భర్త ముందే పోయాడు, కూతుళ్ళిద్దరూ ఆమె కళ్ళ ముందే పోయారు, పేదరికం. అక్కడ నువ్వు "పాపం" అన్నావు. వాషింగ్టన్ ఇంట్లోకన్నా ఎక్కువ కష్టపడ్డావు కదా, వచ్చేసినందుకు బాధగా లేదా అని అడిగితే, లేదు, నేను స్వేచ్ఛగా ఉన్నాను, అంది. నీ "పాపం" ఆ జవాబుకు పైన ఉంది. తీసేసి, మార్చిన ప్రతి పంపు. పోర్ట్స్‌మత్ అన్న పేరు కూడా మూడు రకాలుగా రాశావు, ఒకటి ఖాయం చెయ్.

ఉంటాను.